స్ప్రేయర్‌కు ఇంట్లో కట్టిన లిథియం ప్యాక్: పాత ఛార్జర్ ఎందుకు పనికిరాదు, ఛార్జింగ్ ఎలా చేయాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్‌లో 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ పాడైంది. దాని స్థానంలో పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన 18650 సైజు స్థూపాకార లిథియం సెల్స్ పన్నెండింటితో ఒక ప్యాక్ కట్టారు: నాలుగేసి సెల్స్ ప్యారలల్‌గా కలిపిన మూడు గ్రూపులు, ఆ మూడూ సిరీస్‌లో. పైన 40 ఆంపియర్ల బీఎంఎస్ బోర్డు (సెల్స్ వోల్టేజీ హద్దు దాటితే కరెంటు ఆపే రక్షణ బోర్డు) పెట్టారు. ఛార్జింగ్‌కు మాత్రం స్ప్రేయర్‌తో వచ్చిన పాత ఛార్జరే వాడుతున్నారు. రాత్రి పెట్టి పొద్దున చూస్తే ప్యాక్ ఒక పక్క వెచ్చగా ఉంటోంది, ఛార్జర్ లైటు కాసేపు ఎరుపు, కాసేపు ఆకుపచ్చగా మారుతూనే ఉంటోంది. బీఎంఎస్ ఉంది కాబట్టి ఫరవాలేదా అన్నది మీ సందేహం.

ఫరవాలేదు అని చెప్పలేను. ఆ ఛార్జర్‌ను ఈ ప్యాక్‌కు ఇక పెట్టకండి. ప్యాక్‌ను ఇంట్లోంచి తీసి, ఎండ తగలని చోట సిమెంటు గచ్చు మీద పెట్టండి. మిగతా సమాధానం చదివాక మల్టీమీటర్ తీసుకుందురు గాని.

లిథియం అయాన్ సెల్‌కు ఛార్జింగ్ రెండు దశల్లో జరగాలి. మొదట కరెంటు స్థిరంగా ఉంటుంది, సెల్ వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. సెల్ 4.20 వోల్టులకు చేరగానే ఛార్జర్ ఆ వోల్టేజీని అక్కడే పట్టి ఉంచాలి. అప్పుడు కరెంటు దానంతట అది తగ్గుతూ వస్తుంది. సెల్ సామర్థ్యంలో ఇరవయ్యో వంతు దగ్గరికి కరెంటు పడిపోయాక ఛార్జింగ్ పూర్తిగా ఆపేయాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు నిండిన తర్వాత కూడా కొద్దిపాటి కరెంటు ఇస్తూ ఉంటాం, అది వాటికి మంచిదే. లిథియం సెల్‌కు ఆ అలవాటు పనికిరాదు. ఇక్కడ 4.20కి అటూ ఇటూ ఉన్న వెసులుబాటు 0.05 వోల్టు మాత్రమే.

మీది మూడు గ్రూపుల సిరీస్ కాబట్టి పూర్తి ఛార్జి వోల్టేజీ 12.6. స్ప్రేయర్ ఛార్జర్ లెడ్ యాసిడ్‌ కోసం చేసినది, అది 14.4 వోల్టుల దాకా ఎక్కించడానికి చూస్తుంది. మూడుతో భాగిస్తే ఒక్కో గ్రూపుకు 4.8 వోల్టులు. అంటే మీ ఛార్జర్ దృష్టిలో ఈ ప్యాక్ ఎప్పటికీ నిండదు. రెండో దశ, అంటే వోల్టేజీ పట్టి ఉంచి కరెంటు తగ్గించడం, మొదలే కాదు. పూర్తి కరెంటు తోస్తూనే ఉంటుంది, ఏదో ఒక గ్రూపు 4.25 నుంచి 4.30 మధ్యకు చేరినప్పుడు బీఎంఎస్ దారి మూసేస్తుంది. కరెంటు ఆగింది కాబట్టి ఛార్జర్ లైటు ఆకుపచ్చ అవుతుంది. కాసేపటికి ఆ గ్రూపు వోల్టేజీ 4.1 దరిదాపులకు దిగుతుంది, బీఎంఎస్ మళ్లీ తెరుస్తుంది, లైటు ఎరుపు. మీరు రాత్రంతా చూసింది ఇదే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆరోగ్యంగా ఉన్న సెల్ నిండిన తర్వాత అంత తొందరగా 4.1కి దిగదు. మీ లైటు పదే పదే మారుతోందంటే ఒక గ్రూపులో లోపలి నిరోధకత పెరిగిన ముసలి సెల్ గాని, లోలోపల ఛార్జిని తినేస్తున్న సెల్ గాని ఉండి ఉండాలి. వెచ్చగా ఉన్న పక్కన ఉన్నది ఆ గ్రూపేనా అని చూడాలి. అక్కడ బీఎంఎస్ బోర్డు ఉంటే ఆ వేడి బోర్డుదే కావచ్చు. బోర్డు మీది బ్యాలెన్సింగ్ రెసిస్టర్లు, అంటే గ్రూపుల వోల్టేజీలను సమం చేసేవి, కొంచెం వేడెక్కడం మామూలే. ఛార్జింగ్ చివర సెల్స్ వెచ్చగా ఉండటం మాత్రం మామూలు కాదు, ఎందుకంటే అప్పటికి కరెంటు తగ్గిపోయి ఉండాలి.

బీఎంఎస్‌ను ఛార్జర్‌లా వాడటమే ఇంట్లో కట్టే ప్యాక్‌లన్నిటిలో నాకు కనిపించే అసలు ప్రమాదం. బీఎంఎస్ బావి చుట్టూ ఉన్న పిట్టగోడ లాంటిది. రోజూ దాని మీద బరువు వేసి నడవడానికి కట్టలేదు. ఛార్జర్ చెడిపోయినప్పుడో, ఒక సెల్ దారి తప్పినప్పుడో ఒకసారి ఆపడానికి అది ఉంది. ఆ ఆపే పని చేసేవి బోర్డు మీది మాస్‌ఫెట్‌లు, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు. అవి కాలిపోయినప్పుడు చాలాసార్లు కరెంటు దారి తెగదు, లోపల అతుక్కుపోయి ఎప్పుడూ కరెంటు పోనిచ్చే స్థితిలో ఉండిపోతాయి. బయటికి ఏ తేడా తెలియదు. స్ప్రేయర్ మామూలుగానే నడుస్తుంది, ఛార్జర్ మామూలుగానే ఎక్కిస్తుంది. కాపలా లేదన్న సంగతి ఒక్క వోల్టేజీలోనే కనిపిస్తుంది, అదీ గ్రూపుల వారీగా చూస్తేనే.

నా బల్ల మీదికి అలాంటి ప్యాక్ ఒకటి వచ్చింది, మీలాగే మూడు గ్రూపులది. తెచ్చిన మనిషి మొత్తం వోల్టేజీ చూపించాడు: 12.58. చూడటానికి ముచ్చటగా ఉంది, 12.6 దాటలేదు. ఒక్కో గ్రూపు నుంచి బోర్డుకు వెళ్లే సన్నటి బ్యాలెన్స్ తీగల దగ్గర మీటరు మొనలు పెట్టి ఒక్కో గ్రూపు చూశాను. మొదటిది 4.10, రెండోది 4.11, మూడోది 4.37. కూడితే అదే 12.58. పైనున్న నీలం ష్రింక్ కవరు కోయగానే థిన్నర్‌కు దగ్గరగా ఉండే తియ్యటి వాసన వచ్చింది, అది సెల్ లోపలి ద్రవం వాసన. మూడో గ్రూపులో ఒక సెల్ పాజిటివ్ మొన చుట్టూ ఉండే తెల్లటి కాగితపు రింగు అంచు గోధుమ రంగుకు తిరిగింది. బోర్డు మీద ఛార్జింగ్ మాస్‌ఫెట్ అతుక్కుపోయి ఉంది. ఛార్జర్ సరైనదే, 12.6 వోల్టులదే. కానీ సరైన ఛార్జర్‌కు కూడా కనిపించేది మొత్తమే, మూడో గ్రూపు ఎక్కడుందో దానికి తెలియదు. మీ విషయంలో ఛార్జర్ కూడా సరైనది కాదు.

సెల్‌ను 4.2 దాటించినప్పుడు లోపల జరిగేది తెలిస్తే ఈ పదో వంతు వోల్టుల గొడవ ఎందుకో అర్థమవుతుంది. నెగటివ్ వైపు గ్రాఫైట్‌లో లిథియం దూరడానికి ఇక చోటు ఉండదు, అది లోహంగా ఉపరితలం మీద పేరుకుంటుంది. పాజిటివ్ వైపు పదార్థం లిథియాన్ని మరీ పోగొట్టుకుని అస్థిరమవుతుంది, వేడెక్కితే ఆక్సిజన్ వదులుతుంది. రెండు వైపుల మధ్య ఉన్న ప్లాస్టిక్ పొర సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అక్కడి నుంచి సెల్ తన వేడితో తానే మండుతుంది, బయట కరెంటు తీసేసినా ఆగదు. పక్క సెల్‌కు ఆ వేడి తగిలి అదీ అంటుకుంటుంది. మీ ప్యాక్‌లో ఒక్కో సెల్‌కు 2000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 2 ఆంపియర్ అవర్లు) అనుకుంటే మొత్తం దాదాపు 89 వాట్ అవర్లు, అంటే మూడు లక్షల పైచిలుకు జౌళ్ల శక్తి. మండే ద్రవంలో నుంచి వచ్చే వేడి దీనికి అదనం.

ఇప్పుడు ఛార్జర్ సంగతి. 12.6 వోల్టుల లిథియం ఛార్జర్ అని అడిగి కొనండి, బీఐఎస్ గుర్తు, నమోదు సంఖ్య ఉన్నది చూసుకోండి. కరెంటు 2 ఆంపియర్లు చాలు. మీ ప్యాక్ 8 ఆంపియర్ అవర్లు అయితే 2 ఆంపియర్లంటే నాలుగో వంతు, ఒక్కో సెల్‌కు అర ఆంపియరు. కొత్త సెల్స్‌కు సామర్థ్యంలో సగం కరెంటు సాధారణంగా ఇస్తారు. వాడి తీసిన సెల్స్‌కు నాలుగో వంతు దాటనివ్వకూడదన్నది నా పద్ధతి. నాలుగున్నర నుంచి అయిదు గంటల్లో నిండుతుంది. మీ పాత ఛార్జర్ ఇచ్చే కరెంటు కూడా దాదాపు ఇంతే, కాబట్టి దాని తప్పు కరెంటులో లేదు, వోల్టేజీలో ఉంది. అందుకే దాని మీద రాసిన ఆంపియర్లు చూసి సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది.

కొన్న ఛార్జర్‌ను ప్యాక్‌కు పెట్టే ముందు విడిగా కొలవండి. 12.55 నుంచి 12.65 మధ్య ఉండాలి. 12.8 చూపిస్తే వెనక్కి ఇచ్చేయండి. కొలిచే మీటరు గురించి కూడా ఒక మాట: మల్టీమీటర్ లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసించినప్పుడు చవక మీటర్లు ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తాయి. 4.20కీ 4.30కీ మధ్య తేడా చూడాల్సిన చోట అలాంటి మీటరు మనల్ని మోసం చేస్తుంది. కొత్త బ్యాటరీ వేసి, వీలైతే ఇంకో మీటరుతో పోల్చి చూశాకే దాని మాట నమ్మండి.

12 వోల్టుల మామూలు అడాప్టర్ పెడితే వోల్టేజీ తక్కువే కదా అని కొందరు అడుగుతారు. దానికి కరెంటును అదుపు చేసే ఏర్పాటు ఉండదు. ఖాళీ ప్యాక్ లాగినంత ఇవ్వబోయి అడాప్టర్ ఆగి ఆగి పనిచేస్తుంది లేదా కాలిపోతుంది.

ల్యాప్‌టాప్ సెల్స్ తీశారంటే ఆ పాత 19 వోల్టుల అడాప్టర్ కూడా మీ దగ్గర ఉండి ఉంటుంది. దానికి ఎక్స్‌ఎల్4015 చిప్పు ఉన్న బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే) బోర్డు తగిలించి ఛార్జర్ చేసుకోవచ్చు. ఆ బోర్డు మీద వోల్టేజీకి ఒకటి, కరెంటుకు ఒకటి తిప్పే స్క్రూలు ఉన్న రకమే తీసుకోవాలి. ఒకే స్క్రూ ఉన్నది వద్దు. అవతలి వైపు ఏమీ తగిలించకుండా వోల్టేజీని 12.60కి తిప్పండి. తర్వాత మీటరును 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, దాన్నే లోడ్‌గా అవుట్‌పుట్ రెండు మొనల మధ్య పెట్టి కరెంటును 2 ఆంపియర్లకు తిప్పండి. కొలత అయ్యాక మీటరు తీగను మళ్లీ వోల్టుల సాకెట్‌లోకి మార్చడం మరిచిపోకూడదు, ఆంపియర్ల సాకెట్‌లో ఉంచి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్టు. ఈ బోర్డుతో రెండు లోపాలు ఉన్నాయి. నిండాక అది ఆపదు, 12.6ను పట్టుకునే ఉంటుంది. కాబట్టి గోడ సాకెట్‌కు ఆరు గంటల టైమర్ పెట్టాలి. కరెంటు పోయినప్పుడు ప్యాక్ నుంచి బోర్డులోకి వెనక్కి ప్రవహిస్తుంది. దానికి కరెంటును ఒకే వైపు పోనిచ్చే 1ఎన్5822 వంటి షాట్కీ డయోడ్ ఒకటి పాజిటివ్ తీగలో వేయాలి. డయోడ్ వేశాక వోల్టేజీని డయోడ్ అవతలి వైపు, లోడ్ లేకుండా కొలిచి 12.6 పెట్టుకోండి. ఛార్జింగ్ కాస్త నెమ్మదిస్తుంది, హద్దు మాత్రం దాటదు. ఇవన్నీ చేసే ఓపిక లేకపోతే కొన్న ఛార్జరే మేలు.

మీ బీఎంఎస్ తీగలు ఒకసారి చూడండి. కొన్ని బోర్డుల్లో ఛార్జింగ్‌కూ వాడకానికీ నెగటివ్ ఒకటే ఉంటుంది. కొన్నిట్లో వేరువేరు: ‘పి మైనస్’ అని రాసినది మోటారుకు, ‘సి మైనస్’ అని రాసినది ఛార్జర్‌కు, ‘బి మైనస్’ ప్యాక్‌కు. వేరువేరుగా ఉన్న బోర్డులో ఛార్జర్ నెగటివ్‌ను ‘పి మైనస్’కు కలిపితే ఛార్జింగ్ బాగానే అవుతుంది, అయితే అది ఛార్జింగ్ మాస్‌ఫెట్‌ను తప్పించుకుని పోతుంది. ఓవర్ ఛార్జి రక్షణ ఉన్నట్టే ఉండి ఉండదు. స్ప్రేయర్‌లో పాత బ్యాటరీకి రెండే తీగలు కాబట్టి, పాత ఛార్జింగ్ సాకెట్‌నే వాడుకోవాలని ఈ రెంటినీ ఒకే చోట కలిపేసిన ప్యాక్‌లు చూశాను. మీది ఆ రకం బోర్డు అయితే ఛార్జింగ్‌కు విడిగా సాకెట్ పెట్టక తప్పదు. ఆ పాజిటివ్ తీగలో 3 ఆంపియర్ల ఫ్యూజు, ప్యాక్‌కు వీలైనంత దగ్గరగా.

బ్యాలెన్సింగ్ ఉందో లేదో కూడా చూడాలి. చవక మూడు సెల్స్ బోర్డుల్లో ఒకే రూపంలో రెండు రకాలు వస్తాయి. బ్యాలెన్సింగ్ ఉన్నదానిలో ఒక్కో గ్రూపుకు ఎదురుగా చిన్న రెసిస్టర్లు వరుసగా కనిపిస్తాయి, లేనిదానిలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. ఉన్నా దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా 4.2 వోల్టుల దగ్గర పోయేది 42 మిల్లీ ఆంపియర్లు. మీ గ్రూపుల మధ్య తేడా సామర్థ్యంలో పదో వంతు ఉంటే, అంటే 800 ఎంఏహెచ్, అది సరి చేయడానికి పంతొమ్మిది గంటలు పడుతుంది. అది చిన్న చిన్న తేడాలను నెలల మీద దిద్దుకురావడానికి ఉన్నది. మొదటి సమానత్వం మనమే చేసి ఇవ్వాలి.

అది ఎలాగంటే, సిరీస్‌లో కలపక ముందు మూడు గ్రూపులను విడివిడిగా 4.20కి నింపాలి. ఇందుకు టీపీ4056 బోర్డు చాలు. అది ఒక్క సెల్‌కు లేదా ఒక్క ప్యారలల్ గ్రూపుకు ఒక ఆంపియరు ఇచ్చి, 4.2 దగ్గర పట్టి, కరెంటు పదో వంతుకు తగ్గగానే తానే ఆపేస్తుంది. ఎనిమిది ఆంపియర్ అవర్ల గ్రూపుకు తొమ్మిది పది గంటలు పడుతుంది, పడనివ్వండి. మీ ప్యాక్ ఇప్పటికే సిరీస్‌లో ఉంది కాబట్టి, బీఎంఎస్ తీగలు విప్పి ఒక్కో గ్రూపుకు ఒకదాని తర్వాత ఒకటిగా ఇదే బోర్డుతో నింపవచ్చు. ఒకే అడాప్టర్ నుంచి మూడు బోర్డులకు ఒకేసారి ఇవ్వకూడదు, నెగటివ్‌లు అన్నీ కలిసి గ్రూపులు షార్టవుతాయి. డ్రోన్లు, రిమోట్ విమానాలు ఎగరేసేవారు వాడే బి6 తరహా ఛార్జర్ దొరికితే ఇంకా మంచిది. అది బ్యాలెన్స్ తీగల ద్వారా ఒక్కో గ్రూపును చూస్తూ ఛార్జ్ చేస్తుంది, తెర మీద అంకెలు చూపిస్తుంది. ప్యాక్‌లు తరచూ కట్టేవారికి అది కొనమనే చెబుతాను.

బీఎంఎస్ తీగలను మళ్లీ పెట్టేటప్పుడు ప్లగ్గు బోర్డులో గుచ్చే ముందు మీటరు నల్ల మొనను ‘బి మైనస్’ మీద ఉంచి ఎర్ర మొనతో ఒక్కో తీగ చూసుకుంటూ పోండి. నిండిన ప్యాక్‌లో 4.2, 8.4, 12.6 అని వరుసగా పెరగాలి. వరుస తప్పితే బోర్డు ఆ క్షణమే పోతుంది, పోయినట్టు కనిపించకపోవచ్చు కూడా.

సెల్స్ ఎంపిక మీద మీరు ఏమీ రాయలేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాడైందంటే అందులోని సెల్స్ అన్నీ పాడైనట్టు కాదు, నిజమే. తరచు ఒక జంట చచ్చి మిగతావి బాగుంటాయి. కానీ తీసినప్పుడు 2 వోల్టుల కంటే తక్కువ ఉన్న సెల్‌ను నేను వాడను, ఎంత బాగా ఛార్జి పట్టినా సరే. అంత లోతుకు దిగిన సెల్‌లో నెగటివ్ వైపు రాగి రేకు కరిగి ద్రవంలోకి వస్తుంది, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు అది సూదుల్లా పేరుకుని లోపల షార్టు దారి వేస్తుంది. ఆ నష్టం బయటి కొలతల్లో వెంటనే కనిపించదు. ఇంకో పరీక్షకు ఓపిక కావాలి: 4.20కి నింపి, ఒక రోజు ఆగి వోల్టేజీ రాసుకుని, రెండు వారాలు పక్కన పెట్టి మళ్లీ చూడండి. మంచి సెల్ వోల్టులో ఒకటి రెండు వందో వంతులకు మించి దిగదు. 4.1 కిందికి దిగిన సెల్ ప్యాక్‌లోకి వెళ్లకూడదు. సున్నా వోల్టులు చూపించే సెల్ లోపలి ఒత్తిడికి రక్షణ పలక తెంచుకుని ఉండవచ్చు, దాన్ని బతికించే ప్రయత్నమే వద్దు. బజారులో 6000, 9900 ఎంఏహెచ్ అని రాసి అమ్మే 18650లు కలపకండి. ఆ సైజులో నిజమైన సెల్ 3500 ప్రాంతంలో ఆగిపోతుంది, బరువు 45 గ్రాముల పైన ఉంటుంది. తూకం వేస్తే నకిలీ చాలావరకు బయటపడుతుంది.

18650 సెల్ ఒళ్లంతా నెగటివే, పాజిటివ్ మొన అంచు వరకు. ఆ మొన చుట్టూ కాగితపు రింగు లేకుండా నికెల్ పట్టీ అతికిస్తే, స్ప్రేయర్ వీపు మీద ఊగుతున్న కొద్దీ పట్టీ అంచు పైకవరును కోసి ఒక రోజు సెల్‌ను నేరుగా షార్టు చేస్తుంది. దానికి ఏ బీఎంఎస్ అడ్డుపడదు, ఆ షార్టు బోర్డుకు లోపలి వైపు ఉంటుంది కాబట్టి. ప్యాక్ విప్పినప్పుడు ఇది తప్పక చూడండి. మందు ట్యాంకు కింద ఉండే బ్యాటరీ గదిలోకి ద్రవం కారుతుంది, కొన్ని నెలలకు బోర్డు మీద పచ్చటి తుప్పు పడుతుంది. మూత చుట్టూ సిలికాన్ పూసి, తీగలు కింది వైపు నుంచి వచ్చేలా పెట్టుకోండి.

ఇక వేడి. ఈ సెల్స్‌ను ఛార్జ్ చేయదగిన ఉష్ణోగ్రత 0 నుంచి 45 డిగ్రీల వరకు. సున్నా మన ఊళ్లలో సమస్య కాదు, పై హద్దు మాత్రం మనకు ఎండాకాలంలో రోజూ ఎదురొచ్చేదే. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో గాలే 45 దాటుతుంది. రేకుల గదిలో ఇంకా ఎక్కువ. చేలో నుంచి వచ్చిన స్ప్రేయర్ పెట్టెలో ప్యాక్ గాలి కంటే వేడిగా ఉంటుంది. వెంటనే పెట్టకండి, నీడలో కనీసం గంట ఆగండి. అన్నిటికన్నా మంచి సమయం తెల్లవారుజాము: చల్లగా ఉంటుంది, మీరు మేలుకుని పనుల్లో తిరుగుతూ ఉంటారు. సెల్స్ మధ్యలో 50 డిగ్రీల దగ్గర కరెంటు తెంచే చిన్న థర్మల్ స్విచ్ పెట్టి, దాన్ని ఛార్జింగ్ పాజిటివ్ తీగలో సిరీస్‌గా కలపండి. బోర్డుతో, చిప్పులతో సంబంధం లేకుండా తనంతట తాను పనిచేసే రక్షణ అది, ధర కూడా చాలా తక్కువ.

రాత్రి పెట్టి పడుకునే అలవాటు మాత్రం మానేయండి. దీని మీద నేను రాజీపడను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్‌లో ఉన్న విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అవి ఫ్యాక్టరీలో తయారైన ప్యాక్‌లు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింది అంతస్తులోని విద్యుత్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పైనున్న హోటల్లోకి కమ్ముకుని 8 మంది చనిపోయారు. ఈ మంటల్లో మనిషిని ముందు పడగొట్టేది పొగే. అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ వంటి విష వాయువులు ఉంటాయి.

మీరు పత్తి రైతులు. ఏరిన పత్తి ధర కోసం ఇంట్లోనే, వసారాలోనే పోసి ఉంచే రోజులు ఉంటాయి. స్ప్రేయర్ కూడా అక్కడే ఒక మూల, పక్కన మందు డబ్బాలు, గోనె సంచులు. ఛార్జింగ్ ఆ గదిలో జరగకూడదు. గుమ్మానికి అడ్డంగా, మెట్ల కింద కూడా వద్దు. మంట లేస్తే మీరు బయటికి వచ్చే దారి అదే. పెరట్లో వాన పడని చోట, రాతి బండ మీద గాని సిమెంటు తొట్టెలో గాని, చుట్టూ ఒక మీటరు ఖాళీగా ఉండేలా పెట్టండి. పక్కన ఒక బకెట్ ఇసుక, రెండు బకెట్ల నీళ్లు.

సెల్ బుసకొట్టిన శబ్దం వచ్చినా, ఆ తియ్యటి వాసన తగిలినా, పొగ లేచినా ముందు మెయిన్ స్విచ్ దగ్గర కరెంటు తీయండి. చేతితో ప్యాక్‌ను ఎత్తబోకండి. అందరినీ పొగ రాని వైపుకు, అంటే గాలికి ఎదురు దిక్కుకు పంపి 101కి ఫోన్ చేయండి. కరెంటు తీశాక దూరం నుంచి నీళ్లు బాగా కొట్టవచ్చు. లిథియం మీద నీళ్లు పోయకూడదన్న మాట లోహపు లిథియానికి చెందినది. ఈ సెల్స్‌లో కావలసింది చల్లబరచడమే, ఆ పని నీళ్ల కంటే బాగా ఏదీ చేయదు. పొడి సిలిండర్ పైమంట ఆర్పుతుంది గాని లోపలి వేడి తీయదు, ఆరిన ప్యాక్ గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు. అందుకే ఒక రోజంతా ఆరుబయటే వదిలేయాలి.

సలహా అడిగారు కాబట్టి ఇంకో దారి కూడా చెబుతాను, నా సొంత స్ప్రేయర్‌లో ఉన్నది అదే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ నాలుగు సిరీస్‌లో. ఒక్కోటి 3.2 వోల్టులు, నిండినప్పుడు 3.65, మొత్తం 14.6. 32700 సైజులో 6 ఆంపియర్ అవర్ల సెల్స్ దొరుకుతాయి, నాలుగు ఒక వరుసలో పెడితే పాత బ్యాటరీ గదిలో పడతాయి. ఈ రసాయనం వేడికి చాలా ఎక్కువ ఓర్చుకుంటుంది, ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. బీఎంఎస్ మాత్రం ఫాస్ఫేట్ రకానిదే పెట్టాలి, రెండు రకాల హద్దులు వేరు. పాత ఛార్జర్ 14.4 దగ్గర నిలకడగా ఆగే రకమైతే దీనికి వోల్టేజీ సరిపోతుంది. 15 దాటించే పల్స్‌లు పంపే రకమైతే దీనికి కూడా వద్దు, 14.6 ఛార్జర్ కొనండి. బరువు లెడ్ యాసిడ్ కంటే బాగా తగ్గుతుంది.

ఉన్న ప్యాక్‌నే నిలబెట్టుకోవాలనుకుంటే ముందు ఇది చేయండి. ఛార్జర్ లేకుండా పన్నెండు గంటలు వదిలేసి మూడు గ్రూపుల వోల్టేజీలు రాసుకోండి. మర్నాడు అదే వేళకు మళ్లీ రాయండి. ఏ గ్రూపైనా 4.25 పైన ఉంటే చిన్న 12 వోల్టుల బల్బుతో ప్యాక్‌ను కొంత దించి అప్పుడు విప్పండి. బీఎంఎస్ బోర్డు ఫొటో రెండు వైపులా తీయండి, మీద రాసిన అక్షరాలు కనిపించేలా. ఆ ఆరు అంకెలు, ఆ ఫొటోలు పంపితే ఏ గ్రూపు తీసేయాలో, బోర్డు ఉంచాలో మార్చాలో చెబుతాను.